గడప దాటిన పాట: అరేతా ఫ్రాంక్లిన్ జీవితము నుండి ఒక పాఠము



చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 32:11, కీర్తనలు 137వ అధ్యాయము, లూకా 15:25–32.

పాఠము ఉద్దేశ్యము: దేవుడిచ్చిన గొంతును, చేతి విద్యను సంఘము ఏ విధముగా పెంచాలి, అవి గడప దాటి బయటికి వెళ్ళినప్పుడు ఏ విధముగా ఎంచాలి అనే సంగతిని ఒక గాయకురాలి జీవితము ద్వారా ఆలోచించుట.

ఈ పాఠము ఎందుకు?

మన పావగడ తాలూకాలో మనము ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము మాట్లాడుకుంటూ బ్రతికే జనము. మూడు వైపులా ఆంధ్ర దేశమే అయినా మన కాగితములన్నీ తుమకూరు జిల్లావి. వాన కురిస్తే వేరుశనగ, కురవకపోతే బెంగుళూరు బస్సు. ఇట్టి బ్రతుకులో మన పిల్లలకు దేవుడు ధారాళముగా ఇచ్చినది సంగీతము. కీబోర్డు ముందు ఒక చిన్నవాణ్ణి కూర్చోబెట్టి ఆరు నెలలు ఓపిక పడితే, మరుసటి క్రిస్మసుకు వాడే మనచేత పాడిస్తాడు.

చిక్కు ఆ తరువాత వస్తుంది. గుడిలో నేర్చుకున్న చేతిని పెండ్లి ఆర్కెస్ట్రావారు వచ్చి పిలుస్తారు. శనివారము రాత్రి మడకశిరలోనో హిందూపురములోనో సినిమా పాటలు వాయించి, తెల్లవారి కండ్లు నలుపుకుంటూ ఆరాధనకు వచ్చి అదే చేతులతో కీర్తన వాయిస్తాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాణ్ణి గాయక బృందములో ఉంచరాదని కొందరు పెద్దలంటారు. ఆ రాత్రి కూలి లేకపోతే ఆ ఇంట పొయ్యి వెలగదని తల్లులంటారు. రెండు మాటలలోనూ ప్రేమ ఉన్నది, భయమూ ఉన్నది. ఈ తగవులో ఒక పిల్లవాడు సంఘానికి దూరమైతే, వాణ్ణి మరల తెచ్చుకొనుట వాద్యము కొన్నంత సులభము కాదు.

ఈ ప్రశ్న మనకే కొత్తగా వచ్చినది కాదు. అమెరికాలోని నల్లజాతి బాప్తిస్టు సంఘములు దీనిని దాదాపు తొంభై ఏళ్ళు మోశాయి. ఆ సంఘముల ఒడిలో పుట్టి, లోకమంతటా సోల్ సంగీతపు రాణిగా పేరు పొందిన అరేతా ఫ్రాంక్లిన్ 2018వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన తన 76వ ఏట కన్ను మూసింది. ఆమె జీవితమును ఈ నెల పాఠముగా తీసుకొనుచున్నాము.

కన్నీళ్ళలో పుట్టిన పాట

ఆఫ్రికా నుండి ఓడలలో కుక్కి తెచ్చిన ప్రజలను అమెరికా దక్షిణ రాష్ట్రములలో పత్తి పొలములలో బానిసలుగా పని చేయించారు. చదువు నేర్పుట అనేక రాష్ట్రములలో నేరము. పుస్తకము లేనివారికి పాటే పుస్తకమైంది. ఐగుప్తు నుండి ఇశ్రాయేలు విడుదల, యొర్దాను ఆవలి ఒడ్డు, సింహముల గుహలో దానియేలు, ఇవే వారి పాటల వస్తువులు. ఒకరు ఒక చరణము ఎత్తుకుంటే మిగిలినవారందరు కలిసి జవాబుగా పాడేవారు. మన భజనలో గురువు అంటే గుంపు అందుకున్నట్టే. ఆ పాటలను స్పిరిచ్యువల్స్ అన్నారు.

1865లో బానిసత్వము రద్దయింది. 1871లో నాష్‌విల్ పట్టణములోని ఫిస్క్ పాఠశాల అప్పులలో మునిగినప్పుడు అక్కడి విద్యార్థులు ఊరూరా తిరిగి ఈ పాటలు పాడి తమ బడిని నిలబెట్టుకున్నారు. బానిసల పాట అని చిన్నచూపు చూసిన దానిని రాజులు, రాణులు కూర్చుని విన్నారు. ఒంగోలు ప్రాంతములో 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన పిల్లలు సండే స్కూలులో చదువుతారు. ఆ సమయమునకు అమెరికా నల్లవారికి విడుదల వచ్చి పదమూడేళ్ళు మాత్రమే. ఊరి చివర నిలబెట్టబడిన రెండు జనములు, ఒకరినొకరు ఎరుగకుండానే, దాదాపు ఒకే కాలములో తల ఎత్తుట మొదలుపెట్టాయి.

తరువాత 1910 నుండి 1970 వరకు సుమారు అరవై లక్షల మంది నల్లవారు దక్షిణపు పల్లెలు విడిచి షికాగో, డెట్రాయిట్, న్యూయార్కు వంటి పట్టణములకు వలస పోయారు. వలస పోయినవాడు పెట్టెలో బట్టలు పెట్టుకుంటాడు, నోట పాట పెట్టుకుంటాడు. పట్టణపు సంఘములు మర్యాదగా, నిదానముగా పాడేవి. ఊరి నుండి వచ్చినవారు చప్పట్లు కొట్టి, కాలితో నేల తట్టి పాడేవారు. అక్కడే తగవు మొదలైంది.

ఆ తగవు నడుమ నిలిచినవాడు థామస్ డోర్సీ. 1899లో జార్జియా రాష్ట్రములో ఒక బాప్తిస్టు బోధకునికి జన్మించాడు. యౌవనములో బ్లూస్ అనే లోకసంబంధమైన పాటలకు పియానో వాయించి జీవించాడు. 1932లో అతడు కూటముల నిమిత్తము సెయింట్ లూయీ పట్టణమునకు వెళ్ళి ఉండగా, ప్రసవములో భార్య చనిపోయిందని తంతి వచ్చింది. పుట్టిన బిడ్డ కూడా బ్రతకలేదు. ఆ దుఃఖములో, తన చెయ్యి పట్టి నడిపించమని ప్రభువును వేడుకొనే ఒక పాట అతనికి పుట్టింది. దాని పేరు ప్రెషస్ లార్డ్. డోర్సీ చేసిన పని ఏమిటంటే, బ్లూస్ పాటలోని వంపులను, లయను తెచ్చి సువార్త మాటలకు తొడిగాడు. చాలా సంఘములు మొదట అతని పాటలను వద్దన్నాయి. కొన్నేళ్ళకు ఆ పాటలు లేని సంఘమే లేకపోయింది. దీనినే గాస్పెల్ సంగీతమని పిలిచారు. అంటే, బయటి వరుస గుడిలోనికి వచ్చుట మొదట జరిగింది. గుడి వరుస బయటికి వెళ్ళుట తరువాత జరిగింది. ఈ క్రమమును గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము.

గడప దాటినవారు

1954లో రే చార్లెస్ అనే అంధ గాయకుడు ఒక గాస్పెల్ పాట వరుసను తీసుకొని, దానికి స్త్రీని గూర్చిన మాటలు పెట్టి రికార్డు చేశాడు. జనము విరగబడి విన్నారు. విశ్వాసులేకాక, బ్లూస్ పాడేవారిలో కొందరు పెద్దలు కూడ ఇది తగదన్నారు.

సామ్ కుక్ సంగతి మరింత ఆలోచింపదగినది. 1931లో మిసిసిపీలో ఒక బోధకుని ఇంట పుట్టి, షికాగోలో పెరిగి, సోల్ స్టిరర్స్ అనే పేరుగల సువార్త గాయక బృందములో ప్రధాన గాయకుడైనాడు. 1956లో బయటి పాట మొదటిసారి రికార్డు చేసినప్పుడు, సంఘములకు తెలియకూడదని వేరే పేరు పెట్టుకున్నాడు. గొంతు దాగలేదు. 1957లో తన పేరు మీదనే పాడిన ప్రేమపాట దేశమంతటా మొదటి స్థానమునకు వచ్చింది. 1963లో లూసియానాలో ఒక హోటలువారు నల్లవాడని గది ఇవ్వకపోతే నిలదీసి, అరెస్టయ్యాడు. ఆ అవమానము, ఆ దినముల పోరాటము కలిసి, మార్పు వచ్చి తీరుతుందని చెప్పే ఒక పాట అయింది. దానిని 1964 జనవరిలో రికార్డు చేశాడు. ఆ సంవత్సరము డిసెంబరులోనే, 33 ఏళ్ళ వయస్సులో, తుపాకి దెబ్బకు మరణించాడు. బయటికి వెళ్ళిన పాటలో కూడ ప్రవక్తల కేక వినబడగలదని అతని ఆ పాట చూపింది. బయటి బ్రతుకులో పొంచి ఉన్న అపాయమును అతని మరణము చూపింది. రెండింటిలో ఒకదానిని మాత్రమే చెప్పి ఊరుకొనుట న్యాయము కాదు.

ఇక సోల్ అంటే ఏమి? ఆ మాటకు ప్రాణము, ఆత్మ అని అర్థము. గాస్పెల్ పాడే తీరుతో లోకపు సంగతులు పాడితే అది సోల్ సంగీతము. ఒక్క అక్షరమును పట్టుకొని నాలుగైదు స్వరముల మీద సాగదీయుట, ఒకరు అనగా మరికొందరు జవాబు చెప్పుట, తాళములో రెండవ నాల్గవ దెబ్బలకు చప్పట్లు కొట్టుట, వ్రాసిన దానిని ఉన్నదున్నట్టు పాడక అప్పటికప్పుడు పెంచుకొనుట, ఇవి దాని గుర్తులు. మన సంగీతములో గమకములు, సంగతులు ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు.

కాపరి ఇంటి బిడ్డ

అరేతా 1942వ సంవత్సరము మార్చి 25వ తేదీన మెంఫిస్ పట్టణములో జన్మించింది. తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ మిసిసిపీ పత్తి పొలములలో పాలికాపు కుటుంబములో పెరిగి, బాప్తిస్టు బోధకుడైనవాడు. 1946లో డెట్రాయిట్ పట్టణములో న్యూ బెతెల్ బాప్తిస్టు సంఘమునకు కాపరిగా వచ్చాడు. మోటారు కార్ల కర్మాగారములలో పని కొరకు దక్షిణము నుండి వచ్చిన వలస జనమే ఆ సంఘము. ఆయన ప్రసంగములు రేడియోలో వచ్చేవి, గ్రామఫోను రికార్డులుగా అమ్ముడుపోయేవి. అన్నింటిలో పేరు పొందినది ద్వితీయోపదేశకాండము 32:11 మీద చేసిన ప్రసంగము. పక్షిరాజు తన గూడును కదలించి, పిల్లల మీద అల్లాడి, వాటిని రెక్కల మీద మోయుటను గూర్చి ఆయన మాటలాడుతూ మాటలాడుతూ చివరికి పాటలోనికి వెళ్ళిపోయేవాడు. మాటకు పాటకు నడుమ గోడ లేని ఆ ఇంట అరేతా పెరిగింది.

ఆమె బాల్యము సుఖమైనది కాదు. ఆరేళ్ళప్పుడు తల్లి ఇల్లు విడిచి వేరే పట్టణములో ఉండవలసి వచ్చింది. పదవ పుట్టినరోజుకు కొన్ని దినముల ముందు, 1952 మార్చిలో, ఆ తల్లి మరణించింది. పదమూడేళ్ళు నిండకముందే అరేతా తానే ఒక బిడ్డకు తల్లి అయింది. ఇట్టి సంగతి మన ఊళ్ళో జరిగితే ఆ బిడ్డను ఏమి చేస్తామో, గాయక బృందములో మరల నిలబెడతామో లేదో, ప్రతి ఒక్కరు తమ మనస్సులో జవాబు చెప్పుకొనవలెను. న్యూ బెతెల్ సంఘములో ఆమె పాడుట మానలేదు. 1956లో, పద్నాలుగేళ్ళ వయస్సులో, ఆమె ఆ గుడిలో పాడిన సువార్త పాటలు రికార్డుగా వచ్చాయి.

ఆమెకు గురువులు ఎవరు? పియానో టీచరు వస్తే దాక్కునేదట. ఆమె చెవి విని చేతితో నేర్చింది. ఇంటికి అతిథులుగా వచ్చిన మహాలియా జాక్సన్, క్లారా వార్డ్, జేమ్స్ క్లీవ్‌లాండ్ వంటి సువార్త గాయకులే ఆమె బడి. ఒక బంధువు భూస్థాపనలో క్లారా వార్డ్ పాడుట చూచి, తాను కూడ గాయకురాలను కావలెనని అరేతా ఆ దినమే నిశ్చయించుకున్నది. మేము ఉపాధ్యాయ శిక్షణలో చదివిన బోధనా పద్ధతులన్నిటికంటె ఇది పాత పద్ధతి: పిల్లలు చెప్పినది నేర్చుకొనరు, ప్రేమించినవారు చేసినది నేర్చుకొంటారు.

1960లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, ఆమె న్యూయార్కు వెళ్ళి కొలంబియా అనే పెద్ద కంపెనీలో చేరి బయటి పాటలు పాడుట మొదలుపెట్టింది. తండ్రి అడ్డుపడలేదు. తానే వెంట నిలిచాడు. గుసగుసలు రాకపోలేదు. మార్గము మార్చుకొనుట ద్వారా ప్రభువుకు ఏ ద్రోహమూ చేయలేదని ఆమె 1961లో ఒక పత్రికలో వ్రాసింది.

గౌరవమును గూర్చిన పాట

కొలంబియాలో ఆరేళ్ళు గడిచినా ఆమెకు పెద్ద పేరు రాలేదు. నాజూకైన పాటలు, పెద్ద వాద్యబృందములు పెట్టి ఆమె గొంతును పట్టణపు మర్యాదలోనికి దిద్దాలని చూశారు. 1966 చివర ఆమె అట్లాంటిక్ కంపెనీకి మారింది. అక్కడ జెర్రీ వెక్స్‌లర్ ఆమెను పియానో ముందు కూర్చోబెట్టి, గుడిలో వాయించినట్టే వాయిస్తూ పాడమన్నాడు. ఆమె బలము ఎక్కడ ఉన్నదో అక్కడికే ఆమెను తిరిగి పంపాడు. ఆరేళ్ళలో రానిది ఆరు నెలలలో వచ్చింది.

1967 ఫిబ్రవరి 14న ఆమె రెస్పెక్ట్ అనే పాట రికార్డు చేసింది. ఆ మాటకు గౌరవము, మర్యాద అని అర్థము. 1965లో ఓటిస్ రెడ్డింగ్ అనే గాయకుడు దానిని వ్రాసి పాడినప్పుడు, కష్టపడి ఇంటికి వచ్చిన మగవాడు తనకు మర్యాద కావాలని అడిగే పాట అది. అరేతా దానిని తిప్పి, స్త్రీ నోట పెట్టింది. అక్కాచెల్లెండ్రు ఎర్మా, కారొలిన్ జవాబులు పాడారు. జూన్ నెలలో అది దేశమంతటా మొదటి పాట అయింది. ఆ మరుసటి నెలలోనే డెట్రాయిట్‌లో పోలీసుల దాడితో మొదలైన అల్లర్లలో 43 మంది చనిపోయారు. స్త్రీలు దానిని తమ పాట అన్నారు, నల్లవారు తమ పాట అన్నారు. హోటలు ముందు గిన్నె వేరు, గుడి ముందు వరుస వేరు అయిన దినములను చూచిన మన పెద్దలకు ఆ ఒక్క మాట బరువు ఎంతో విడమరచి చెప్పనక్కరలేదు.

ఆమె తండ్రి, మార్టిన్ లూథర్ కింగ్ గారు స్నేహితులు. 1963 జూన్ 23న డెట్రాయిట్‌లో లక్షకు పైగా జనము నడచిన స్వేచ్ఛా యాత్రను నడిపినవారిలో ఫ్రాంక్లిన్ ముఖ్యుడు. వాషింగ్టనులో కింగ్ గారు చేసిన ప్రసిద్ధ ప్రసంగమునకు అది రెండు నెలల ముందు. కింగ్ గారి ఉద్యమమునకు అరేతా తన పాటతో ధనము కూర్చి ఇచ్చింది. 1968 ఫిబ్రవరి 16న కింగ్ గారు డెట్రాయిట్ వచ్చి ఆమెను సన్మానించారు. ఏప్రిల్ 4న మెంఫిస్‌లో ఆయనను కాల్చి చంపారు. ఆఖరి క్షణములలో ఆయన అడిగినది డోర్సీ వ్రాసిన ప్రెషస్ లార్డ్ పాటను. ఆ రాత్రి కూటములో దానిని బాగుగా వాయించమని ఒక వాద్యకారునితో చెప్పుచుండగా గుండు తగిలింది. ఆయన భూస్థాపన దినమున దానిని పాడినది మహాలియా జాక్సన్. నాలుగేళ్ళ తరువాత, 1972లో, మహాలియా మరణించినప్పుడు షికాగోలో ఆ పాట పాడినది అరేతా. ఒకప్పుడు సంఘములు వద్దన్న వరుస, ఒక జనము తన పెద్దలను మట్టికి అప్పగించే వేళ పాడుకొనే పాట అయింది.

మరల ఆలయములో

అరేతా పేరు శిఖరమున ఉన్నప్పుడు, 1972 జనవరి 13, 14 తేదీలలో, లాస్ ఏంజెలీస్‌లోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్తిస్టు సంఘములో రెండు రాత్రులు కూటము పెట్టి సువార్త పాటలు పాడింది. ఆ గుడి ఒకప్పుడు సినిమా హాలు. ఆమె బాల్యపు గురువు జేమ్స్ క్లీవ్‌లాండ్ పియానో దగ్గర ఉన్నాడు. సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ క్వాయర్ వెనుక నిలిచింది. ముందు వరుసలో క్లారా వార్డ్ కూర్చున్నది. డెట్రాయిట్ నుండి తండ్రి వచ్చాడు. ఆయన లేచి, తన కుమార్తె సంఘమును ఎన్నడూ విడిచిపెట్టలేదని చెప్పాడు. ఒక కాపరి, ఒక తండ్రి, అందరి ఎదుట ఆ మాట చెప్పుట చిన్న సంగతి కాదు.

ఆ కూటములో ఆమె డోర్సీ పాటను, కరోల్ కింగ్ వ్రాసిన స్నేహమును గూర్చిన ఒక బయటి పాటను కలిపి ఒకే పాటగా పాడింది. విన్నవారికి అతుకు కనబడలేదు. అమేజింగ్ గ్రేస్ పాటను పది నిముషములకు పైగా, ఒక్కొక్క మాటను పిండి పాడింది. ఆ పాట వ్రాసిన జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసలను మోసే ఓడకు కెప్టెన్. తరువాత మార్పు చెంది బోధకుడై, 1773 నూతన సంవత్సర ఆరాధన కొరకు దానిని వ్రాశాడు. బానిసలను అమ్మినవాని పశ్చాత్తాపపు పాటను బానిసల సంతతి తమ పాటగా చేసుకొని, సముద్రమంత లోతుగా పాడుట కృప అనే మాటకు మంచి వ్యాఖ్యానము.

ఆ రికార్డు అమెరికాలో ఇరవై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆమె ఎన్నో ప్రేమపాటలు పాడినను, ఆమె రికార్డులన్నిటిలో ఎక్కువగా అమ్ముడైనది ఆ సువార్త కూటమే. 1987లో రాక్ అండ్ రోల్ ప్రముఖుల వరుసలో స్థానము పొందిన మొదటి స్త్రీ అయింది. అదే సంవత్సరము తండ్రి సంఘమైన న్యూ బెతెల్‌లో మూడు రాత్రులు పాడి మరియొక సువార్త రికార్డు చేసింది. దానికి పెట్టిన పేరు ఎఫెసీయులకు 4:5 లోనిది.

ఆమె బలహీనతలు, మన జాగ్రత్తలు

పరిశుద్ధ గ్రంథము దావీదు పాటలను దాచలేదు, పాపమునూ దాచలేదు. మేము కూడ అరేతాను దేవదూతగా చూపదలచలేదు. ఆమె వివాహములు రెండును నిలువలేదు. పొగాకు, తిండి, విమాన భయము ఆమెతో పోరాడాయి. 1979లో దొంగలు ఇంట చొరబడి తండ్రిని కాల్చారు. ఆయన 1984లో మరణించువరకు ఐదేళ్ళు స్పృహ లేకుండ మంచము మీద ఉన్నాడు. ఆమె 1982లో లాస్ ఏంజెలీస్ విడిచి తండ్రి దగ్గర ఉండుటకు డెట్రాయిట్ వచ్చింది. తరువాత చనిపోవువరకు ఆ పట్టణమే ఆమె ఊరు.

2009లో అధ్యక్షుడు ఒబామా ప్రమాణ స్వీకారములో, 2015లో ఫిలడెల్ఫియాలో పోపు ఫ్రాన్సిస్ ఎదుట ఆమె పాడింది. పద్దెనిమిది గ్రామీ బహుమతులు, దేశపు అత్యున్నత పౌర పతకము వచ్చాయి. అయితే అంత గొప్ప స్త్రీ సరియైన వీలునామా చేయించకుండా పోయింది. 2019లో సోఫా దిండ్ల క్రింద చేతితో వ్రాసిన కాగితములు దొరికాయి. కుమారులు కోర్టుకు వెళ్ళారు. 2023 జూలైలో జ్యూరీ ఆ కాగితము చెల్లుతుందని తీర్పు చెప్పువరకు తగవు నడిచింది. ఎకరమో రెండెకరములో, ఒక రేకుల ఇల్లో ఉన్న మన పెద్దలు ఇందులో తమకు వర్తించు పాఠమును వేరుగా ఆలోచించుకొనవలెను. పాటను అప్పగించినంత జాగ్రత్తగా పొలమును కూడ అప్పగించాలి.

మన ఇంటి సంగతి

పాటకు రెండు వైపులా దారి ఉన్నదని మన తెలుగు సంఘ చరిత్రయే చెప్పుచున్నది. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున పుట్టి, 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి గారు నూరుకు పైగా కీర్తనలు వ్రాశారు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే పాట మీద రాగము, తాళము పేర్లు కనబడతాయి. ఆ రాగములు ఎక్కడివి? దేవాలయములలో, రాజసభలలో, వీధి భాగవతములలో పాడినవి. ఆయన వాటిని తెచ్చి క్రీస్తు పాదముల దగ్గర పెట్టారు. డోర్సీ బ్లూస్‌తో చేసిన పనికి ఇది దాదాపు నూరేళ్ళ ముందు. నేడు ఆ కీర్తనలను వినకుండ మనము ప్రభువు బల్ల దగ్గరికి పోము. కాబట్టి బయటి వరుస గనుక అపవిత్రము అనే మాట మన నోట నిలువదు.

ఇదే కారణము చేత తప్పెటను గూర్చి కూడ ఒక మాట. మన తాత ముత్తాతల చేత ఊరి చావులకు, జాతరలకు తప్పెట కొట్టించి, కొట్టిన చేతినే అంటరానిదన్నారు. అందుచేత గుడిలోనికి వచ్చినప్పుడు దానిని బయట వదిలి వచ్చారు. ఆ దినమున అది విడుదల. వారిని తప్పు పట్టరాదు. అయితే బలవంతముగా కొట్టించుట వేరు, ఇష్టముతో దేవునికి కొట్టుట వేరు. బానిసల పాటను సిగ్గుగా దాచుకున్న అమెరికా సంఘములు, తరువాత దానినే తమ కిరీటముగా చేసుకున్నాయి. కీర్తనలు 150వ అధ్యాయములోని వాద్యముల పట్టిక చదివి, అందులో మన తప్పెటకు చోటు ఉన్నదో లేదో మీ కూటములలో మాట్లాడుకొనండి. ఆదివారము ఉదయము కన్నడ బడిలో చదివే పిల్లలు ఒక కన్నడ పాట పాడతామన్నప్పుడు కూడ ఇదే విధముగా ఆలోచించవలెను. 137వ కీర్తనలో అన్య దేశములో పాడలేక వాద్యములను చెట్లకు తగిలించినవారున్నారు. మనము ఇక్కడ తగిలించి ఊరుకొనలేదు. పాడుతూనే ఉన్నాము.

ఇక ఆర్కెస్ట్రాకు పోయే పిల్లవాని సంగతి. మా ఆలోచన ఇది. అన్ని పాటలూ ఒకటే అని మేము అనము. స్త్రీని హేళన చేసే పాట, త్రాగుడును పొగిడే పాట విశ్వాసి చేతికి తగదు. రాత్రి ఎవరితో ఉన్నాడు, ఏమి త్రాగాడు, కూలి డబ్బు ఇంటికి చేరిందా అని అడుగుట పెద్దల పని. అడిగే హక్కు మాత్రము ఆ పిల్లవాని ప్రక్కన కూర్చున్నవారికే ఉంటుంది. సి.ఎల్. ఫ్రాంక్లిన్ తన కుమార్తెను బయటికి పంపినప్పుడు సంబంధము తెంచలేదు. గూడు కదలించిన పక్షిరాజు పిల్లల క్రింద రెక్కలు చాపుతుంది. కదలించి ఊరుకుంటే అది పెంపకము కాదు.

లూకా 15వ అధ్యాయములో పెద్ద కుమారుడు పొలము నుండి వస్తూ మొదట విన్నది వాద్యములను, నాట్యమును. ఆ ధ్వనియే అతనికి కోపము తెప్పించింది. లోపల తమ్ముడు బ్రతికి వచ్చాడనే సంతోషము కన్న, బయట తన నీతి అతనికి పెద్దదిగా కనబడింది. ఆ ఉపమానములో తండ్రి రెండు మారులు ఇంటి నుండి బయటికి వెళ్ళాడు, చిన్నవాని కొరకు ఒకసారి, పెద్దవాని కొరకు ఒకసారి. మన సంఘములో పాట విని గుమ్మము దగ్గర నిలిచిపోయిన పెద్దలను కూడ తండ్రి బ్రతిమాలుచున్నాడు.

కూటములో చర్చించుటకు ప్రశ్నలు

1. డోర్సీ పాటలను మొదట వద్దన్న సంఘములు ఏ మేలు కొరకు భయపడ్డాయి? ఆ భయములో న్యాయమైన భాగము ఏది?

2. అరేతా తండ్రి 1972లో అందరి ఎదుట చెప్పిన మాటను, మన సంఘములో ఏ బిడ్డను గూర్చి మనము చెప్పగలము? ఎవరిని గూర్చి చెప్పవలసి ఉండి ఊరుకున్నాము?

3. ఆర్కెస్ట్రాలో వాయించే యౌవనునికి సంఘము ఏ మూడు నియమములు పెట్టవలెను? అతనికి సంఘము ఏ మూడు సహాయములు చేయవలెను? రెండవ ప్రశ్నకు జవాబు వ్రాయకుండ మొదటి దానికి జవాబు వ్రాయవద్దు.

4. చిన్న వయస్సులో తప్పిపోయిన ఆడపిల్లను మరల పాడనిచ్చుటకు మనకు ఎంతకాలము పడుతుంది? మగపిల్లవాడైతే ఎంతకాలము?

5. మీ ఇంటిలో పెద్దలు పాడిన, పుస్తకములో ఎక్కని పాటలు ఏవైన ఉన్నవా? ఈ నెలలో ఒకదానిని పిల్లలచేత వ్రాయించి, సండే స్కూలులో నేర్పించండి.

పెద్దలకు ఒక మనవి. ఈ పాఠమును యౌవనులు లేనప్పుడు చదివి ముగించవద్దు. కీబోర్డు వాయించే పిల్లవాడు, తప్పెట తెలిసిన తాత, పాడే తల్లి ముగ్గురూ కూర్చున్న దినమున చదవండి. మొదటి మాట ఆ పిల్లవాణ్ణి మాట్లాడనివ్వండి.